అట్టముక్కల అమ్మ

కొల్లేటి గాలి తడిగా ఉంటుంది. కిక్కిస గడ్డి వాసన, చేపల మేత వాసన — రెండూ కలిసి గుమ్మం దాటి వస్తాయి.

ఆ గాలిలో ఒక చిన్న వేలు అట్టముక్క అంచు మీద నడుస్తోంది.

మెల్లగా... మలుపు దగ్గర ఆగి... మళ్ళీ మెల్లగా.

జాయ్సీ వేలు అది. ఏడో ఏడు వచ్చింది. మాట రాలేదు. పిలిస్తే తిరగదు. ఆటిజం అన్నారు ఏలూరులో.

శాలిని గోడకి ఆనుకుని ఆ వేలునే చూస్తోంది. కన్నతల్లి వైపు తిరగని కళ్ళు అట్టముక్క వైపు ఎంత ప్రేమగా తిరుగుతాయో!

ఏలూరులో ఇలాంటి పిల్లలకి నేర్పే సెంటర్లో క్యాథరిన్ టీచరు చెప్పారు.

"పజిల్ అంటే పాపకి ప్రాణమండీ. దాంతోనే నేర్పుదాం. మీ ఫొటోనే ముక్కలు చేసివ్వండి. పేర్చాక పక్కన మీ ముఖం పెట్టి 'అమ్మ' అనండి. తొందరపడకండి."

తొందర... కన్న కడుపుకి తొందర ఉండదా?

మొగుడు చిట్టిబాబు ఆమె ఫొటో పెద్దది చేయించి తెచ్చాడు. శాలిని దాన్ని ఫ్యాను డబ్బా అట్టకి అంటించింది. తన నుదురు తనే కోసింది. తన కళ్ళు కోసింది. గడ్డం కోసేటప్పుడు నవ్వు కూడా వచ్చింది.

జాయ్సీ పేర్చింది.

నుదురు. కన్ను. కన్ను. పెదవి.

పేర్చి, ఆ ముఖం మీద అరచెయ్యి పరిచి అలాగే ఉంచింది — నీటి మీద తామరాకులా.

"అమ్మ" అంది శాలిని, పక్కన ముఖం పెట్టి.

పిల్ల తల్లి ముఖాన్ని పక్కకి నెట్టేసింది. వెలుతురుకి అడ్డం.

రోజూ అంతే. అట్ట మీద ఉన్నది అమ్మ. పక్కన ఉన్నది ఎవరో.

అయినా... ఒక సాయంత్రం జాయ్సీ అట్ట మీది కన్ను చూసి, తలెత్తి, శాలిని కన్ను చూసింది. చేప పైకొచ్చి మునిగినంత సేపు.

ఆ సంగతి కడుపులో దాచుకోలేకపోయింది శాలిని. అత్తగారు కృపమ్మతో చెప్పేసింది.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన వాళ్ళింట్లోనే. శాలిని పెరట్లో టీ కాస్తోంది.

"దేవుడు తలుపు తీస్తున్నాడర్రా, ఇంకాస్త గట్టిగా కొడదాం!" అంటూ కృపమ్మ ప్రార్థన నూనె సీసా తీసింది. జబ్బుపడ్డవాళ్ళ నుదుటికి రాసే నూనె. పిల్ల తల ముట్టనివ్వదు. అందుకని వచ్చినవాళ్ళంతా ఫొటో ముక్కలకి రాశారు. ముక్కకొక చెయ్యి, చేతికొక ప్రార్థన, ప్రార్థనకొక ఏడుపు.

శాలిని ఎవరిని తిడుతుంది? అంతా ప్రేమే.

అట్ట నూనె తాగి మెత్తబడింది. రంగు చెదిరింది. కన్ను చెంపలోకి జారింది.

జాయ్సీ ఒక ముక్క అందుకుంది. జిడ్డు. చెయ్యి నేలకేసి రుద్దుకుంది... రుద్దుకుంది... తోలు లేచేదాకా. పిల్ల పెట్టిన అరుపుకి చెరువుగట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"మంచికే కదే తల్లీ చేశాను..." కృపమ్మ కూలబడింది.

"ఊరుకోండత్తయ్యా" అంది శాలిని.

మళ్ళీ ఫొటో తెప్పించింది. మళ్ళీ కోసింది. ఈసారి నవ్వు రాలేదు.

జాయ్సీ ముట్టలేదు. ఆ ముఖం కనపడగానే చేతులు వీపు వెనక్కి దాచేసుకుంది.

మధ్యాహ్నం శాలిని అన్నం కలిపి ఎదురుగా కూచుంది.

జాయ్సీ తలెత్తింది. చూసింది. నుదురు... కన్ను... కన్ను... పెదవి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనంత సేపు చూసింది.

చూసి — చేతులు వీపు వెనక్కి దాచేసుకుంది.

నేర్చేసుకుంది పిల్ల. అట్ట మీది ముఖం, ఈ ముఖం ఒకటేనని.

ఎన్నాళ్ళు మోకాళ్ళ మీద అడిగింది శాలిని, గుర్తుపడితే చాలు ప్రభువా అని! గుర్తుపట్టింది.

ఆమె కంచం మెల్లగా పిల్ల ముందుకి జరిపింది. పమిట తల మీదుగా లాక్కుంది. గుమ్మం వైపు తిరిగి కూచుంది.

కాసేపటికి వెనక కంచం కదిలిన చప్పుడు. మెతుకులు నములుతున్న చప్పుడు.

తిరిగి చూడలేదు.

కొల్లేటి గాలి ముఖానికి కొడుతోంది... తడిగా.