దీవిలో దిష్టి

ఓడ కదిలినప్పటి నుంచీ ఆండాలు ఒక్క మాట కోసం కాచుక్కూచుంది. తమ్ముడు ఐలేష్ తన మూడేళ్ల కూతురు రూపను ఆమెకు పెంపకానికి ఇస్తాడా, ఇవ్వడా? "టూర్‌ల నీ దగ్గరనే ఉంచుకో అక్కా. బిడ్డ అలవాటైతే దీవి కాడ కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు వాడు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా కడుపు పండని ఆండాలుకు ఆ మాటే పండగైంది. జల్‌పల్లిలో ఆమె మొగుడు మేడమెట్లకు అప్పుడే గ్రిల్ కూడా పెట్టించాడు, పిల్ల పడుతుందని.

ఐలేష్‌కు జహనుమాలో రంగుల దుకాణం ఉంది. బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు పెళ్లాం పిల్లలతో సహా ఓడెక్కించారు. ఆండాలు టికెట్టు మాత్రం వాడే కొన్నాడు. ఎందుకు కొనడూ? మూడు రోజులుగా పిల్లలిద్దరి స్నానాలు, అన్నాలు, ముడ్డి కడగడాలు అన్నీ ఆమెవే. వాడి పెళ్లాం సుజన పై అంతస్తులో ఫోటోలు దిగుతూనే ఉంది. ఆండాలుకు అది చాకిరీ అనిపిస్తే ఒట్టు.

నాలుగో రోజు దీవి వచ్చింది. ఓడ ఒడ్డు దాకా పోదు, చిన్న పడవల్లో దించుతారు. పడవ ఒకటే ఊగుడు. రూప ఆండాలు మెడ పట్టుకుని వదల్లేదు. పక్కన కూర్చున్న ఇంకో డీలరు భార్య విమలాదేవి పిల్ల బుగ్గ గిల్లి, "అచ్చం నీ పోలికేనమ్మా. ఒక్కతేనా బిడ్డ?" అని అడిగింది.

"ఒక్కతే. నా బంగారం" అనేసింది ఆండాలు.

అనకూడదు. నోరు జారింది పిచ్చిది. ఎదురుగా కూర్చున్న సుజన విన్నది. నల్లకళ్లద్దాలు సర్దుకుంది.

ఇసుకలో దిగిన పది నిమిషాలకే రూప భళ్లున కక్కింది. కక్కదా మరి? పొద్దున సుజనే ముద్దు చేసి మూడు కప్పుల ఐస్‌క్రీమ్ తినిపించింది, దానిమీద ఆ పడవ ఊగుడు. పిల్ల తోటకూర కాడలా వాలిపోయింది. ఆండాలు నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు ఆడనే ఉండు వదినా" అన్నది సుజన.

జహనుమా నుంచి కట్టుకొచ్చిన ఉప్పు, ఎండుమిరపకాయల పొట్లం సంచిలోంచి తీసింది. ఎవరి కన్ను తగిలిందనుకుంటే వాళ్ల కాలికింది మన్ను అందులో కలిపి తిప్పాలి. మన్ను లేకుంటే ఇసుకే. దానికోసం ఆరేళ్ల కొడుకు చింటును పంపింది. వాడికి ఇదో ఆట. వచ్చి ఆండాలు ముందు గొంతుక్కూచున్నాడు.

"అత్తమ్మా, కాలు లేపు."

"ఎందుకురా?"

"చెల్లెకు నీ దిష్టి తాకిందంట. మమ్మీ ఇసుక తెమ్మంది."

ఆండాలు తమ్ముడి వైపు చూసింది, ఒక్క మాట అడ్డం వేస్తాడేమోనని. వాడు కొబ్బరిబోండాంలో స్ట్రా తిప్పుకుంటూ సముద్రం చూస్తున్నాడు. సిగ్గులేని మనిషి. ఆమె కాలు లేపింది. లేపకపోతే పిల్లను ఇవ్వరేమోనని లేపింది.

సుజన మూడుసార్లు తిప్పి, థూ థూ అని సముద్రంలో పారేసింది. కక్కి కడుపు తేలికైన పిల్ల కాసేపటికి లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది. ఇంకేం, సాక్ష్యం దొరికింది. "మస్తు పట్టింది పో దిష్టి" అని విమలాదేవి చెంపలు వేసుకుంది.

అప్పుడొచ్చాడు ఐలేష్.

"అక్కా, రూప సంగతి ఇగ మర్చిపో. బావకు నేనే ఫోన్ చేసి చెప్త."

"ఐస్‌క్రీమ్ తిని కక్కిందిరా. నువ్వు సూసినవ్ గదా."

"సూసిన. గది కాదక్కా. సుజన ముందు నుంచే ఒప్పుకోలే. ముందే చెప్తే నువ్వు రావు, ఈడ పిల్లలను ఎవరు సంభాళిస్తరు?"

ఆండాలుకు ఏడుపు రాలేదు. చేతిలోని నీళ్ల సీసాకు మూత బిగించింది.

తిరుగు పడవకు పిలిచారు. ఇసుక కాలిపోతోంది, పడవ చాలా దూరంలో ఉంది. సుజన రూపను పది అడుగులు మోసి, ఆయాసపడి దించింది.

"వదినా, జర ఎత్తుకో. మస్తు బరువుంది" అన్నది. "మొహం మాత్రం సూడకు."

ఆండాలు ఎత్తుకుంది. మెడ పక్కకు తిప్పుకుని నడిచింది. రూప చిన్న చేత్తో ఆమె గడ్డం పట్టుకుని లాగుతూ, "అత్తమ్మా, నా దిక్కు సూడు" అన్నది. పడవ దగ్గరికి చేరేదాకా అంటూనే ఉంది. ఆండాలు చూడలేదు.