మా అత్తగారి పళ్ళకు ఓటింగ్

మా ఆయన పళ్ళు కట్టేవాడు. డాక్టరు కాదు. డాక్టరమ్మ కొలతలు తీసి పంపితే, పళ్ళాసుపత్రి వెనకగదిలో కూర్చుని మైనంతో చిగుళ్ళు మలిచి, ఒక్కో పన్నూ నిలబెట్టి, కట్టుడు పళ్ళ సెట్టు తయారుచేసేవాడు. రోజూ చొక్కానిండా తెల్లటి ప్లాస్టర్ పొడితో ఇంటికొచ్చేవాడు. ఆ పొడి ఉతకలేక అప్పట్లో విసుక్కునేదాన్ని. నాకేం తెలుసు, ఆ రోజులే బంగారమని!

ఇప్పుడాయన ఇన్‌ఫ్లుయెన్సర్. ఫుల్‌టైమ్.

దీనికంతటికీ మూలం మా అత్తగారి నోరు. అంటే నోటి దురుసు కాదు, పాపం ఆవిడ పల్లెత్తు మాటనని మనిషి. మిగిలిన నాలుగు పళ్ళూ కదిలిపోతే డాక్టరమ్మ తీసేసింది. చిగుళ్ళు మానేదాకా కొన్నాళ్ళు ఆగాలంది. "మానగానే నా చేత్తో నేనే కడతానమ్మా, నువ్వు దిగులుపడకు" అని ఈయన మాటిచ్చాడు. ఆ మాట మీద నమ్మకంతో ఆవిడ పాలలో నానబెట్టిన బ్రెడ్డూ, మెదిపిన అరటిపండూ తింటూ కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకసారి ఈయన సరదాకి వంటింట్లో వీడియో తీస్తూ తడినేల మీద జారి, సింకు కింద బకెట్లో కూర్చున్నాడు. అది చూసి మా అత్తగారు పగలబడి నవ్వింది. ఒక్క పన్ను లేకుండా, కళ్ళు చికిలించి, పసిపాపలా నవ్వింది. ఆ వీడియో పెట్టగానే లోకమంతా ఆ నవ్వు మీద పడింది. బోసినవ్వుల బామ్మ అని పేరు కూడా పెట్టేశారు. ఆ తర్వాత రెండు మూడు వీడియోలు కూడా అలాగే ఆడేసరికి మా ఆయనకు భూమ్మీద కాలు నిలవలేదు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఉద్యోగం మానేసి వచ్చి, ఆ మానేసిన సంగతి కూడా వీడియోలోనే చెప్పాడు. నేను పనిచేసే బట్టల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే, చీర బేరమాడుతున్న ఆవిడెవరో ఫోన్ చూపించి "ఈయన మీవారే కదూ?" అంటే నాకు తెలిసింది!

అప్పట్నుంచీ మా ఇంట్లో ఏదీ ఒక్కసారితో అవ్వదు. పొద్దంతా నిలబడి కాళ్ళు పీకుతూ ఇంటికొచ్చి తలుపు తీస్తానా, "ఆగాగు! వెలుతురు సరిగ్గా లేదు, మళ్ళీ బయటికెళ్ళి నవ్వుతూ రా" అంటాడు. నా ఇంట్లోకి నేను రావడానికి రిహార్సల్! ఒకరోజు మూడోసారి కూడా బయటికి పొమ్మంటే, పోయి మెట్ల మీదే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాను.

నా సంగతి సరే, నేను నోరున్నదాన్ని. మా అత్తగారి అవస్థే చూడలేకపోయేదాన్ని. చిగుళ్ళు ఎప్పుడో మానాయి. డాక్టరమ్మ కొలతలు కూడా తీసింది. "పళ్ళేవండీ?" అంటే, "ఇంకా పని ఉంది, తొందరపడితే పాడవుతాయి" అనేవాడు. వారం వారం అదే పాట. మనిషి సగమైపోయింది. నమిలే యోగం లేక, నానబెట్టినవి మింగలేక, "ఆకలిగా లేదమ్మా" అని పళ్ళెం పక్కకు జరిపేది. ఆవిడకు ఆకలి లేకపోవడమేమిటి? నాకంటే ముందు గిన్నెల మూతలు తీసి చూసే మనిషి!

మొన్న ఆదివారం పొద్దున కత్తెర కోసం ఆయన అలమారా వెతుకుతుంటే, లైట్లూ స్టాండ్లూ వైర్ల కింద ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. తెరిచాను. నీళ్ళలో పూర్తి సెట్టు! పైదీ, కిందదీ. మెరుగు కూడా పెట్టేసి ఉంది.

నా ఒళ్ళు భగ్గుమంది. డబ్బా పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. ఆయన మూతి బిగించి ఫోన్‌లోకి చూస్తున్నాడు.

"ఏంటండీ ఇది?"

ఉలిక్కిపడ్డాడు. "అదా... ఆసుపత్రి వెనకగదికి వెళ్ళి నేనే కట్టాను. రెడీ అయ్యి చాన్నాళ్ళయింది."

"అయితే ఆవిడ నోట్లో ఉండాల్సింది మీ వైర్ల కింద ఎందుకుంది?"

"నువ్వు ముందు అరవకు. నేను సొంతంగా నిర్ణయం తీసుకోలేదు. జనాన్ని అడిగాను."

"ఏ జనాన్ని?"

"ఫాలోవర్లని. పోల్ పెట్టాను. బామ్మకి పళ్ళు పెట్టించాలా, బోసినవ్వే ఉంచాలా అని." ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "చూడు, ఎంతమంది బోసినవ్వే కావాలన్నారో! ఆ నవ్వు పోతే ఛానెల్లో ఏముంటుంది చెప్పు? ఇంకొన్నాళ్ళు ఆగితే..."

తల గోడకేసి కొట్టుకోవాలో, ఆయన తలే కొట్టాలో తెలియలేదు. కన్నతల్లి పళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగి నిర్ణయిస్తాడా మనిషన్నవాడు? వాళ్ళు వద్దంటే ఈయన బుద్ధిమంతుడిలా డబ్బా మూతపెట్టి దాచేశాడా? "మీకేమైనా మతి ఉందా?" అని అరిచాను. ఎదురింటి వాళ్ళ కిటికీ తెరుచుకున్నా ఆపలేదు.

అప్పుడు చూశాను, గుమ్మంలో మా అత్తగారు. ఎప్పుడొచ్చిందో, అంతా వింది.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. కొడుకు దగ్గరకు వచ్చి ఫోన్ వైపు చూసింది.

"మరి నువ్వేం నొక్కావురా?"

పళ్ళు లేక ఆవిడ మాట గాలిగాలిగా వస్తుంది. అయినా మా ఇద్దరికీ వినబడింది.

"అంటే... పోల్ పనిచేస్తోందో లేదో చూడాలి కదమ్మా. ముందు మనమే ఒకటి నొక్కాలి..."

"ఏది నొక్కావు?"

మా ఆయన తల వంచుకున్నాడు. బోసినవ్వుకు పడ్డ మొదటి ఓటు ఆయనదే.

ఆవిడ నా వైపు చెయ్యి చాచింది. డబ్బా ఇచ్చాను. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"అమ్మా, నువ్వే పెట్టుకోకు! ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది. నన్ను చూడనీ!" అంటూ ఈయన తలుపు దగ్గరకు పరిగెత్తాడు. పరిగెత్తి, మళ్ళీ వీడియో ఆన్ చేశాడు!

"ఏవండీ!"

"అలవాటే, చెయ్యి దానంతటదే పోతోంది..." అని గొణిగాడు. ఆ మొహం చూస్తే జాలేసింది. ఆ జాలికి నా మీద నాకే కోపమొచ్చింది.

చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది.

"ఎడమవైపు కింద గుచ్చుకుంటోంది. ఫోను బయట పెట్టి రా."

ఎన్నాళ్ళకు విన్నాను అత్తగారి అసలు గొంతు! ప్రతి అక్షరం గట్టిగా, ఖణేల్‌మని వచ్చింది.

ఆయన ఫోన్ నాకివ్వబోయాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అటూ ఇటూ చూసి, గుమ్మం ముందు నేల మీద పెట్టాడు. మంచం కింద నుంచి పాత పనిసంచీ లాగి, దుమ్ము దులుపుకుని లోపలికి వెళ్ళాడు. పళ్ళ సెట్టు అరగదీసే చేతి మిషను చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది.

"ఇప్పుడు కొరికి చూడు. మెల్లగా. ఒక్కవైపే కాదు, రెండువైపులా." అది మా పాతాయన గొంతు. వెనకగదిలో పనిచేసుకునే మనిషి గొంతు.

"గుచ్చుకోవట్లేదు. గట్టివెప్పుడు తినొచ్చు?"

"ఇప్పుడే వద్దమ్మా. కొన్నాళ్ళు ఆగాలి."

"ఇన్నాళ్ళూ ఆగింది చాలదూ?"

కాసేపటికి లోపల నుంచి ఏడుపు వినిపించింది. అది మా అత్తగారిది కాదు. నేను లోపలికి వెళ్ళలేదు. ఏడవనీ అనుకున్నాను.