వెనకగదిలో మావయ్య

చెంచాడు రాగిజావ బుజ్జి గొంతు దిగిందో లేదోనని మెడ మీద వేలు ఆనించి చూసుకుంటుండగా, వీధి గుమ్మంలో దగ్గు వినిపించింది నాగజ్యోతికి.

బుజ్జికి ఆరేళ్ళు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల కాస్త ఎత్తి, తొందరపడకుండా తినిపించేసరికి మధ్యాహ్నం గడిచిపోతుంది. ఒకప్పుడు ఇదే వేళకి నాగజ్యోతి బడిలో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేది. మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌసని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. అవి పాడైన పిల్ల తన కడుపున పుడుతుందని అప్పుడు తెలీదు. ఉద్యోగం మానేసిన రోజు భర్త అనిల్ "ఇంకేం, హాయిగా ఇంట్లోనే ఉంటావు" అన్నాడు, అదేదో సెలవిచ్చినట్టు. అత్త సూర్యకాంతమ్మ "మా వైపు ఇలాటి బిడ్డ ఎవులికీ పుట్టలేదమ్మా" అంది. ఆ మాటలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి గానీ, జావ మింగాక బుజ్జి నవ్వే నవ్వు ముందు ఎక్కువసేపు నిలవవు. తను సుఖంగానే ఉన్నానని నాగజ్యోతి ఈమధ్యే కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరు, నమ్మినా తప్పు పడతారు.

ఆమె భయమల్లా జ్వరమంటేనే. విశాఖలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పాడైన మైటోకాండ్రియా లోంచి తునకలు కణంలోకి కారతాయి. ఒంటికి కాపలా కాసే వ్యవస్థ వాటిని చూసి, బయటి క్రిమి ఏదో చొరబడిందనుకుని యుద్ధానికి దిగుతుంది. మెదడు వాచేది అందుకే. అసలే ఉలిక్కిపడుతున్న కాపలా, ఇక మామూలు జలుబు తోడైనా రెచ్చిపోతుంది. పోయిన వానాకాలం వచ్చిన జ్వరం బుజ్జి కూర్చోవడాన్ని పట్టుకుపోయింది. ఇంకొకటి వస్తే మింగడం కూడా పోవచ్చు.

దగ్గుతూనే లోపలికొచ్చాడు మావగారు కనకరాజు. బెల్లం మార్కెట్లో ఆయనది కమీషన్ కొట్టు. దిమ్మ విరిచి, ముక్క కాస్త కొరికి చూసి, నచ్చితే ఆ కొరికిన ముక్కే మనవరాలికి తెస్తాడు. దాని పెదాలకి రాస్తాడు. అది చప్పరిస్తుంది. బుజ్జిని ఎవరూ జబ్బుపిల్లగా చూడని క్షణం ఆ ఇంట్లో అదొక్కటే.

"మునగపాక బెల్లం తల్లీ, తేనే అనుకో," అంటూ వంగాడు.

నాగజ్యోతి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మావయ్యా. దగ్గుతున్నారు."

"కొట్లో దుమ్మమ్మా ఇది. దీనికేటౌద్ది?"

"కళ్ళు ఎర్రబడ్డాయి. ఒళ్ళు కూడా కాలుతున్నట్టుంది. తగ్గేదాకా మీరు దూరంగా ఉండాలి."

"దూరవేటి? ఇంట్లో మనిషి ఇంట్లో ఉండి దూరంగా ఎలాగుంటాడు?"

ఆ ప్రశ్నకి జవాబు ఆమె వెతకనే లేదు. చెయ్యి తనంతట తనే పెరటివైపు లేచింది. "వెనకగది ఉంది కదా మావయ్యా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ గదిలో మగవాడు ఒక్కపూటైనా పడుకున్నది లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నెలనెలా మూడు రోజులు నాగజ్యోతి కూర్చున్నది అందులోనే. వేరే చాప, వేరే కంచం, గుమ్మంలో పెట్టి ఇవతలినుంచి జరిపే అన్నం. చంటిపిల్ల ఏడుస్తున్నా లేచి రాకూడదు. బుజ్జి జబ్బు ముదిరి, తినిపించడం ఇంకెవరికీ చేతకాక ఆ ఆచారం మూలపడింది. వద్దని ఎవరూ అనలేదు. ఆ మూడు రోజులూ ఆమెని పనికి పిలవడం మొదలుపెట్టారు, అంతే.

"ముట్టయిన ఆడదాన్నేటి నేను?" కనకరాజు గొంతు లేచింది. "ఏటే సూర్యకాంతం, ఇన్నావా నీ కోడలి మాట?"

సూర్యకాంతమ్మ వచ్చింది. అత్త ఆమెవైపు చూడలేదు. చంకలో చాప ఉంది.

"ఇన్నాను. పదండి," అంది మొగుడితో. "కంచం గుమ్మంలో పెడతాను. నన్ను ముట్టుకోవద్దు, నీళ్ళబిందె ముట్టుకోవద్దు. ఎలాగుండాలో నాకడగండి, సెప్తాను."

"ఒంట్లో బాగోలేనోడినే!"

"నాకు మాత్రం బాగుండేదా? కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ ముప్పయ్యేళ్ళు కూకున్నాను అందులో. సచ్చిపోయేనేటి?" అంటూనే నవ్వేసింది. బెల్లం ముక్క చేత్తో పట్టుకుని ఆయన ఆమె వెనకే నడిచాడు.

నాగజ్యోతి చెంచా అందుకుంది. లోపల ఏదో తీయగా కదిలింది. ఇది బుజ్జి కోసం చేశానా, ఆ గదిలో గడిచిన రోజుల కోసమా? బుజ్జి కోసమేనని చెప్పుకోవడం తేలిక. బిడ్డ కోసమంటే తల్లి ఏం చేసినా లోకం ఊరుకుంటుంది. కానీ రెండింటి కోసమూ చేసింది. ఒప్పుకున్నాక సిగ్గు వేస్తుందేమోనని కాసేపు చూసింది. వెయ్యలేదు. బుజ్జి ఇంకో చెంచా కోసం నోరు తెరిచింది.

వెనకగదిలోంచి దగ్గు, ఆ వెంటే మెత్తబడ్డ గొంతు వినిపించాయి. "ఎన్నాళ్ళుండాలమ్మా ఇక్కడ? మూడ్రోజులేనా?"

ఏం చెబుతుందోనని పెరటి గుమ్మంలోంచి సూర్యకాంతమ్మ కూడా కోడలివైపు తిరిగింది. ఏ సంగతికైనా ఆవిడ అలా తిరగడం ఇదే మొదలు.

"నేను చెప్పేదాకా మావయ్యా," అంది నాగజ్యోతి.