గట్టిమేళం దాటిన కూత

నేనొక డోలుని. చెప్పకపోయినా తెలిసిపోయేదే, మా జాతికి గుట్టుగా బతకడం చేతకాదు. పనస మొద్దు తొలిచి నా ఒళ్లు చేశారు, రెండు వైపులా తోలు బిగించి నోరిచ్చారు. ఆ నోటితో ఏం మాట్లాడాలన్నది మాత్రం ఎప్పుడూ నన్నడగలేదు.

పల్నాడులో ఒక చిన్న పట్నం మాది. మొదట నన్ను భుజానికి తగిలించుకున్నవాడు పెద్ద కాశిం. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కొడుకు నాగూర్ వలి దగ్గరికి వచ్చాను. పెళ్లిలో పురోహితుడు చెయ్యెత్తి వేళ్లు ఆడించగానే మేము గట్టిమేళం అందుకోవాలి. ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరు నోరు జారినా వధూవరుల చెవిన పడకూడదు. అంటే పదిమంది నోళ్లు మూయించడమే నా ఉద్యోగం. నాగూర్ వలికి ఆ సైగ ఎంత అలవాటంటే, రోడ్డు మీద ఎవరైనా బస్సు కోసం చెయ్యెత్తినా ఆయన వేళ్లు తొడ మీద దరువేసేవి.

ఆయన కూతురు సైదాబీకి నేనంటే పడదు. ఆ పిల్ల కబడ్డీ జట్టుకు కెప్టెన్. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దడదడలాడే పాటలు వింటూ మైదానానికి పోతుంది. తన డోలు మోతకు కూతురు బరిలోకి దిగితే చూడాలని నాగూర్ వలికి ఒకటే ఆశ. రాష్ట్ర పోటీల ఫైనల్ మా పట్నంలోనే పడేసరికి ఆ ఆశకు రెక్కలొచ్చాయి.

"నాయనా, నువ్వు రా. డోలు మాత్రం తేమాక. నా స్నేహితురాళ్లు నవ్వుతారు" అంది సైదాబీ. ఆయన గుడ్డ అందుకున్నాడు. నా తోలును తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

ఇక ఫైనల్లో ఏ సంగీతం ఉండాలన్న దాని మీద పోటీల కమిటీలో రభస. పాత పాటలే వేయాలని ఒక పక్షం, భక్తి గీతాలతో మొదలెట్టాలని ఇంకో పక్షం, డోలు సన్నాయి మేళమే ఉండాలని మూడో పక్షం.

"ఈ రోజుల్లో డోలు ఎవడింటాడండీ? ముందు వరసక్కూడా ఇనపడదు. డీజే పెడితే నరసరావుపేట దాకా మోగాల" అన్నాడు అధ్యక్షుడు కోటిరెడ్డి.

"అది సంగీతమా, గుండెల మీద రోకటి పోటా?" అన్నారు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన సాంబశివరావు గారు.

చివరికి విరామంలో డీజే, పాయింటు ప్రకటించినప్పుడల్లా మేళం అని రాజీ కుదిరి, ఆ మేళానికి నాగూర్ వలినే పిలిచారు. ఆడబోయే పిల్లలకు ఏది ఇష్టమో అడగాలని ఎవరికీ తోచలేదు.

కూతురు వద్దన్నా ఆశ చావక నన్ను తీసుకొచ్చిన నాగూర్ వలి, ఆట ఆఖరికి వచ్చేదాకా ఒళ్లు దగ్గర పెట్టుకునే వాయించాడు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. సైదాబీ ఆఖరి కూతకు వెళ్లింది. కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి పిల్లను తాకింది. కాలు దొరకబుచ్చుకున్నా, ఈడ్చుకుంటూ గీత వైపు వస్తోంది. తాకిన పిల్ల అవుటవ్వాలంటే కూత తెగకూడదు, అది అంపైరు చెవిన పడాలి. సరిగ్గా అప్పుడే, బరి మీదికి తోసుకొస్తున్న జనాన్ని వెనక్కి జరగమంటూ అంపైరు చెయ్యెత్తి వేళ్లు ఆడించాడు.

నాగూర్ వలి కళ్లు చూశాయి, చేతులు ఆగలేదు. నా మీద గట్టిమేళం విరుచుకుపడింది, వెంటనే సన్నాయి కూడా అందుకుంది. సైదాబీ గీత తాకింది. కూత తెగిందని అవతలి జట్టు, తెగలేదని మన జట్టు. అంపైరు తనకేమీ వినపడలేదని చెప్పి మళ్లీ కూతకు వెళ్లమన్నాడు. అలిసిపోయిన పిల్లను ఈసారి అడుగు పెట్టగానే పట్టేశారు. కప్పు చేజారింది.

ముందు వరసకు కూడా వినపడనని చెప్పిన కోటిరెడ్డే, నా మోతకు అంపైరు చెవులు పోయాయని ఊరంతా చెప్పుకున్నాడు. అంపైరు వేళ్లు ఆడించడమే తప్పని సాంబశివరావు గారు నన్ను వెనకేసుకొచ్చారు. ఆయన అభిమానం చూసి నాకు సిగ్గేసింది.

నాగూర్ వలి నన్ను దుప్పటిలో చుట్టి అటకెక్కించాడు. పెళ్లివాళ్లు వచ్చి పిలిచినా వెళ్లలేదు. ఇంట్లో తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను.

ఒక ఉదయం సైదాబీ స్టూలు వేసుకుని నన్ను దించింది. దుమ్ము తుడిచి, తీసుకెళ్లి తండ్రి ఒళ్లో పెట్టింది.

"వాయించు నాయనా."

"ఇంకెందుకమ్మా. నీ కొంప ముంచింది చాలదా?"

"గట్టిమేళం వాయించు. దాని పైన నా కూత ఇనపడాల. అప్పుడు డీజే పెట్టుకున్నా, పిడుగే పడినా అంపైరుకి ఇనపడిద్ది."

ఆయన మొదట నన్ను మెల్లగా తట్టాడు. "అట్టా కాదు, పెళ్లిలో మాదిరి" అంది పిల్ల. ఆయన చేయి సాగింది. సైదాబీ పెరట్లో గీత గీసి, వంగి, కూత అందుకుంది. మొదట్లో నేనే గెలిచాను. వారం తిరగకుండానే ఆ గొంతు అక్కడక్కడా నన్ను దాటడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు కూడా రెండు పక్షాలయ్యారు: డోలు గోల భరించలేమని కొందరు, కూత గోల భరించలేమని కొందరు.

ఎన్ని పెళ్లిపందిళ్లలో ఎంతమంది నోళ్లు మూయించానో. నా మోత దాటి వినపడిన గొంతు ఇదొక్కటే. నిన్న కూత అంత మోతలోనూ స్పష్టంగా వీధి చివరిదాకా వెళ్లింది. నాగూర్ వలి కళ్లనీళ్లు నా తోలు మీద పడ్డాయి. ఆయన తుడవలేదు, నన్ను ఇంకా గట్టిగా కొట్టాడు.