చెవి బ్రదర్ సాక్ష్యం

మా ఆయన అబద్ధమాడలేదు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే నాకు మనసున పట్టదు.

ఆయన మోటారుబళ్ల మెకానిక్కు. ఏళ్ల తరబడి సైలెన్సర్ల పక్కనే బతికితే చెవులు ఏం మిగులుతాయి? ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఒక ఆదివారం మందిరంలో రోగుల కోసం ప్రార్థనలు జరిగాయి. పాస్టరుగారు మా ఆయన్ను ముందుకు పిలిచి, ఆ చెవి మీద చెయ్యి పెట్టి, చొక్కా తడిసేదాకా ప్రార్థించారు. తరువాత ఆ చెవి దగ్గరే చిటిక వేసి, "వినబడుతోందా బ్రదర్?" అని కేక పెట్టారు.

ఆ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. మా ఆయన కుడి చెవేమో పాము చెవి. "ఆ, వినబడుతోందండీ" అన్నారు. ఏ చెవితోనో చెప్పేలోపే మందిరమంతా చప్పట్లు, స్తోత్రాలు. పాస్టరుగారి కళ్ల వెంట నీళ్లు. అంతమంది సంతోషం చూశాక ఈయనకు నోరు పెగల్లేదు. అదీ జరిగింది. ఆడింది అబద్ధం కాదు గాని, దిద్దకుండా ఊరుకోవడం మాత్రం తప్పే. నేను ఆ రోజే ఆ మాట మొహం మీద చెప్పాను.

అప్పటినుంచి ఆయన పేరు చెవి బ్రదర్. ఏ ప్రార్థన కూటం జరిగినా ముందు వరుసలో కుర్చీ, సాక్ష్యం చెప్పమని చేతిలో మైకు. "దేవుడు గొప్పవాడు" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయేవారు. మిగతాదంతా జనమే కల్పించుకునేవారు. నేను పక్కనే కూర్చుని, ఎవరైనా ఎడమవైపు నుంచి పలకరిస్తే మోచేత్తో పొడిచేదాన్ని. స్వస్థత పొందిన చెవికి నా మోచెయ్యి కాపలా అన్నమాట.

షెడ్డులో ఇంకో తంటా. ఇంజనులో రోగమేమిటో తెలుసుకోవాలంటే ఆయన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటారు. మందిరం వాళ్లెవరైనా బండి తెస్తే చచ్చినట్టు ఎడమ చెవికే పెట్టుకోవాలి కదా! సంఘపెద్దగారి స్కూటరును అలాగే విని, "బండి బంగారమండీ" అని పంపించేశారు. ఆ బంగారం నడిరోడ్డు మీద మొరాయిస్తే, పెద్దగారు సూటూ బూటూతో ఇంటిదాకా తోసుకుంటూ వెళ్లారు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది. పొద్దున్నే మోకాళ్లూని దేవుడితో మాట్లాడనిదే మా ఆయన గడప దాటేవారు కాదు. ఆ అలవాటు ఆగిపోయింది. కళ్లు మూసుకునేవారు, కాసేపటికి పెదవి కదపకుండానే లేచి చొక్కా తొడుక్కునేవారు.

"ఏమైందండీ?" అని నిలదీశాను.

"ఏం చెప్పమంటావే? బాగుచెయ్యమని అడుగుదామంటే, బాగైందని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నవాణ్ణి. బాగుచేసినందుకు వందనాలు చెబుదామంటే, ఆయనకు తెలియదా?"

"అయితే నలుగురిలో నిజం చెప్పెయ్యండి."

"పాస్టరుగారు తల ఎక్కడ పెట్టుకుంటారు? జనం ఏమంటారు?"

"లోకులు కాకులు. వాళ్లకు ఏదో ఒకటి అనడమే పని" అన్నాను. ఆయన వినబడనట్టు వెళ్లిపోయారు. నిజంగా వినబడలేదేమో కూడా.

ఇలా ఉండగా మా వీధి టైలరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతోనే చెముడు. చెవి మిషన్ పెట్టుకుని బడిలో చక్కగా చదివేది. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను.

"అన్నయ్యగారూ, మీ సాక్ష్యం విన్నాక మిషన్ తీసేయించానండీ. పెట్టుకుంటే అపనమ్మకం అవుతుందని ఎవరో అన్నారు. మీరొక్కసారి పాప కోసం ప్రార్థన చెయ్యండి" అంది.

మా ఆయన వంగి, "బడికి వెళ్తున్నావా తల్లీ?" అని అడిగారు. ఆ పిల్ల జవాబు చెప్పకుండా ఆయన పెదవుల వంకే చూసింది. అలా చూడటం ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? చేతిలోని పానా పక్కన పెట్టేశారు.

"ఆదివారం మందిరానికి తీసుకురామ్మా. మిషన్ కూడా తీసుకురా" అన్నారు.

ఇంటికొచ్చాక నాతో అన్నారు. "ఈ పిల్ల సంగతేమిట్రా అని రేపు పైన ఆ దేవుడు నన్ను అడిగితే ఏం చెప్పను? పాస్టరుగారి పరువు పోతుందని నోరు మూసుకున్నానని చెప్పనా? చప్పట్లు కొట్టినవాళ్లెవరూ అక్కడ నా పక్కన నిలబడరు కదే."

ఆదివారం మైకు చేతికిచ్చారు. ఇన్నాళ్లూ చెప్పమని పోరినదాన్ని, తీరా ఆ ఘడియ వచ్చేసరికి నేనే ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

"నాకు ఎడమ చెవి ఇప్పటికీ వినబడదండీ. ఆ రోజు విన్నది కుడి చెవితో. మీకు భయపడి చెప్పలేదు. భయపడాల్సింది మీకు కాదు. దేవుడు చెయ్యనిది చేశాడని చెప్పుకుంటే ఆయనకు ఘనత రాదు. చెల్లెమ్మా, పాపకు మిషన్ పెట్టమ్మా."

జనంలోంచి సంఘపెద్దగారు లేచారు.

"అయితే నా స్కూటరు?"

"ఎడమ చెవితో విన్నానండీ. రేపు తీసుకురండి, కుడి చెవితో వింటాను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తరువాత అందరూ నవ్వారు. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "కుడి చెవి మూసి అడగాలని నాకూ తోచలేదు బ్రదర్. చప్పట్లు నాకూ తియ్యగానే ఉన్నాయి" అన్నారు. టైలరమ్మ సంచిలోంచి మిషన్ తీసి కూతురి చెవికి పెట్టింది. పాట మొదలయ్యేసరికి ఆ పిల్ల ఉలిక్కిపడి, తల్లి పాడుతున్న గొంతు వైపు తిరిగి, నోరంతా తెరిచి నవ్వింది.

అందరూ మెచ్చారని చెప్పను. ముందు వరుసవాళ్లు ఇద్దరు మమ్మల్ని చూడనట్టు వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర ఒకావిడ, "మందిరం పరువు బజారుకీడ్చాడు" అంది.

"ఏమంటోంది?" అని అడిగారు మా ఆయన.

"మీకు పనికొచ్చేది కాదు, పదండి."

ఇంటికి రాగానే, చెప్పులు విప్పీ విప్పకముందే ఆయన మంచం పక్కన మోకాళ్లూనారు. నేనూ ఆయన పక్కన చేరాను. ఎన్నాళ్లకో ఆ గొంతు పైకి వచ్చింది.

"ప్రభువా, నా ఎడమ చెవి ఇంకా వినబడటం లేదు. నీకు తెలుసు. నీకిష్టమైతే బాగుచెయ్యి. చెయ్యకపోయినా రేపు మళ్లీ వచ్చి అడుగుతాను."

నా గుండెల మీది బండ దిగిపోయింది. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "ఆమేన్" అన్నాను. ఆయన ఎడమపక్కన కూర్చున్నానని గుర్తొచ్చి, ఇంకోసారి గట్టిగా అన్నాను.