తలుపవతలి శ్రోత

ఆ ఇంట్లో మామగారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయనకు కళ్ళు మందగించాయి గానీ చెవులు మందగించలేదు. రెండూ కూడబలుక్కుని మందగించి ఉంటే, కోడలు ఏదో ఒక ఆడియో పుస్తకం పెట్టేసి తన పని తను చూసుకునేది. ఆయనవి పాముచెవులు. పైగా పెద్ద రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివి రిటైరైన మనిషి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో వేలమందికి చెప్పిన గొంతు ఆయనది. అంచేత గొంతు పెట్టుకుని బతికే ప్రతి మనిషీ తన శాఖలో కింది ఉద్యోగే అని ఆయన నమ్మకం.

కోడలు ఫోన్లో పుస్తకం పెట్టేది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవారు. మొదటి పేరా అయ్యేలోపలే కళ్ళు తెరిచేవారు.

"ఆపమ్మాయ్. వీడు చదవడం లేదు, బతిమాలుతున్నాడు."

ఇంకోటి పెడితే, "ఈవిడెవరో చంటిపిల్లకి ముద్దలు పెడుతున్నట్టు చదువుతోంది. నాకు ఆకలి లేదని చెప్పు."

మరోటి పెడితే, "వీడికి కథలో ఎవరు పోతారో ముందే తెలుసు. మొదటి పేజీలోనే గొంతులో ఏడుపు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంక నేను వినడం దేనికి?"

ఆయన కొడుకు ఈ బాధకు తన మట్టుకు తాను విరుగుడు కనిపెట్టుకున్నాడు. ఏ పుస్తకాన్నైనా రెట్టింపు వేగంలో వింటాడు. ఎవరు చదివితే ఏముంది, విషయం బుర్రకెక్కాలి గానీ అంటాడు. ఓ ప్రేమకథను కూడా అలాగే విన్నాడు. చివరికి ఆ ఇద్దరూ కలిశారా అని పెళ్ళాం అడిగితే, కలిశారో కొట్టుకున్నారో సరిగ్గా గుర్తు లేదన్నాడు.

గతిలేక కోడలే మధ్యాహ్నాలు మామగారికి పుస్తకాలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఆయన మెచ్చుకోలేదు. ఆపమనీ అనలేదు. ఆ ఇంటి లెక్కలో అది సన్మానంతో సమానం. అలా చదవగా చదవగా ఆవిడకు ఓ సంగతి తెలిసొచ్చింది. డిగ్రీ చదివిన దగ్గర్నుంచీ తన గొంతును కూరగాయల బేరానికీ, పిల్లల్ని నిద్రలేపడానికీ తప్ప దేనికీ వాడలేదు. అది ఇంకో పనికి కూడా వస్తుంది.

కాబట్టి ఆడియో పుస్తకాలు చేసే ఓ స్టూడియో కొత్త గొంతుల కోసం వెతుకుతోందని తెలియగానే, ఎవరికీ చెప్పకుండా ఓ పేజీ చదివి పంపింది. స్టూడియో నడిపే ఆవిడే ఫోన్ చేసింది. ఓ పాత నవలను ఆడియోగా తెస్తున్నామనీ, మొదటి అధ్యాయం చదివి పంపమనీ, ఇంకో ఇద్దరు కూడా పోటీలో ఉన్నారనీ చెప్పింది. నవల పేరు విని కోడలు మళ్ళీ ఓసారి చెప్పించుకుంది.

ఎందుకంటే ఆ నవల మామగారిది. రాసింది ఆయన కాదు లెండి. కానీ ఆయన మాట్లాడితే మాత్రం రాసినవాడు పక్కన కూర్చుని ఈయన్ని అడిగి రాశాడేమో అనిపిస్తుంది.

కథ చిన్నదే. గడియారాలు బాగుచేసే మనిషి ఒకాయన ఉంటాడు. ఊళ్ళో పని దొరక్క, పనిముట్లన్నీ సంచిలో వేసుకుని వేరే ఊరు బయల్దేరతాడు. భార్య గుమ్మంలో నిలబడి అంటుంది: "వెళ్ళండి. తలుపుకి గొళ్ళెం పెట్టను. దొంగలొచ్చినా ఎత్తుకుపోవడానికి మీరేం మిగిల్చారు గనక." ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు. మిగతా నవలంతా ఆయన తిరిగి రావడం గురించే.

మామగారికి ఈ మాట కంఠతా వచ్చు. చెప్పినప్పుడల్లా గొంతు సన్నం చేసి, చెయ్యి నడుమ్మీద పెట్టి, ఆవిడగా మారిపోయి చెప్పేవారు.

"చూశావా అమ్మాయ్, గయ్యాళితనం! అంత నెమ్మదైన మనిషికి అలాంటి పెళ్ళాం!"

మామగారికీ అత్తగారికీ పెళ్ళైన కొత్తల్లో మొదలైన తగువు ఇది. వంటింట్లోంచి అత్తగారు తల కూడా బయట పెట్టకుండా జవాబిచ్చేవారు.

"గయ్యాళి కాదండీ. భయపడిపోయింది."

"ఆ పుస్తకం నేనెన్నిసార్లు చదివానో తెలుసా నీకు?"

"ఎన్నిసార్లు చదివితేనేం, ప్రతిసారీ అదే తప్పు చదివితే ఒక్కసారి కిందే లెక్క."

కోడలు ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆవిడ కళ్ళ ముందున్నది ఒకటే. ఆ పుస్తకం ఇంకెవరి నోటా రాకూడదు. తనే చదవాలి.

పడగ్గది గోడంతా పరుచుకున్న బట్టల బీరువా ఆవిడ స్టూడియో అయింది. తలుపులు బార్లా తీసి, చీరల మధ్యలో మైకు పెట్టి, పైనుంచి రెండు బొంతలు కప్పుకునేది. ఫ్యాను బంద్. ఫ్రిజ్ బంద్. గాజులు తీసేసేది. గంజి పెట్టిన చీర కట్టుకుంటే కదిలినప్పుడల్లా కాగితాలు నలిపినట్టు వినిపిస్తుందని, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నైటీ వేసుకునేది. ఆకలైతే కడుపు కూడా మాట్లాడుతుందని, మొదలుపెట్టేముందు ఓ అరటిపండు తినేది. ఆ వేషంలో చూసి మొగుడు, "ఇంట్లో ఎవరితోనైనా పోట్లాడి దాక్కున్నావా?" అన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆవిడ తన దగ్గరున్న గొంతులన్నీ బయటికి తీసింది. ఆ అధ్యాయంలో వచ్చే ముసలాయనకు దగ్గు పెట్టింది. పిల్లాడికి ముద్దుమాటలు పెట్టింది. గడియారాలాయన భార్యకు మాత్రం ఆలోచించకుండా మామగారి సన్నగొంతే పెట్టేసింది. ఆయనకు వినిపిస్తే తొడ చరిచారు.

"అదీ! అచ్చం ఆ గయ్యాళే!"

స్టూడియో ఆవిడ తొడ చరచలేదు. "గొంతులన్నీ బాగున్నాయండీ. పుస్తకమే వినబడలేదు," అంది. మళ్ళీ తనే, "మిగతా ఇద్దరూ కూడా ఆ భార్యను ఇలాగే అరిపించారు. ఎందుకో మరి. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. ఇంకొక్కసారి ప్రయత్నించండి," అంది.

కోడలు ఫోన్ పెట్టేసి, ఎవరి మీదా చూపించలేని కోపాన్ని గిన్నెలు తోమడంలో చూపించింది. ఆ పూట గిన్నెలు మెరిశాయి.

సంగతి తెలిసి మామగారు సలహా ఇచ్చారు. "అసలు నువ్వు గొంతులు మార్చడమే తప్పమ్మాయ్. చదివేవాడు దారి చూపించే బోర్డు లాంటివాడు. బోర్డు ఏడవకూడదు, నవ్వకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోవాలి. ఎవరు చదివినా ఒకేలా ఉండాలి."

"మరి మొన్న ఆ సన్నగొంతు బాగుందన్నారుగా మామయ్యగారూ?"

"అది వేరు. ఆవిడ నిజంగానే గయ్యాళి గనక."

సరే అదీ చూద్దామని కోడలు బోర్డులా చదివింది. తిరిగి పెట్టుకుని వింటుంటే, గడియారాలాయన ఇల్లు విడిచి వెళ్తున్నాడా, ఆరో నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరుతున్నాడా తెలియలేదు. వింటూ వింటూ తనకే నిద్ర పట్టింది. చదివిన మనిషికే నిద్రొస్తే వినేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా.

మర్నాడు ఆవిడ మైకు జోలికి పోలేదు. నవల తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఈసారి మామగారి గొంతు చెవిలో పడకుండా చదివింది, అదే కష్టమైంది. చివర్లో ఓ చోట, భార్య గుమ్మం దగ్గరే చాప వేసుకుని పడుకుంటుందని అరవాక్యం ఉంది. రచయిత దాన్ని పట్టించుకోనట్టే రాసి ముందుకెళ్ళిపోయాడు. కోడలు ముందుకెళ్ళలేదు. పుస్తకం మూసి వంటింట్లోకి నడిచింది.

"అత్తయ్యా, ఆవిడ భయపడిందని మీకెలా తెలిసింది?"

అత్తగారు స్టవ్ మీద మంట తగ్గించారు. "గొళ్ళెం పెట్టనంది కదే. వెళ్ళేవాడి మీద నిజంగా కోపమొస్తే ముందు పెట్టేది గొళ్ళెమే."

"మరి దొంగల మాట?"

"ముందు మాట నోరు జారింది. అది కప్పిపుచ్చుకోవడానికి దొంగల్ని పిలిచింది. నేను పిలవలేదా ఎన్నిసార్లు!" అని, మళ్ళీ మంట పెంచారు.

కోడలు పెన్సిలు తీసుకుని ఆ గుమ్మం మాట దగ్గర కూర్చుంది. రచయిత గొళ్ళెం మాటకీ దొంగల మాటకీ మధ్య ఓ చుక్క పెట్టాడు. ఆ చుక్క దగ్గర మామగారెప్పుడూ ఆగలేదు, తనూ ఆగలేదు. ఒకే ఊపులో చదివితే అది తిట్టు. అక్కడ ఓ ఊపిరి తీసుకుంటే, మొదటి మాట నిజం, రెండోది ఆ నిజం మీద కప్పిన గుడ్డ. గొంతు సన్నం చేయక్కర్లేదు. పెంచక్కర్లేదు. ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు, మిగతా పని వినేవాళ్ళే చేసుకుంటారు.

ఈ ఆలోచన మామగారి చెవిన పడగానే ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"గయ్యాళిని పతివ్రతను చేస్తారా అత్తాకోడళ్ళు కలిసి? అలా పంపావంటే వాళ్ళు చెత్తబుట్టలో పడేస్తారు."

"పడేస్తే పడేస్తారు మామయ్యగారూ. ఆవిడ్ని మాత్రం నేనింక అరిపించను."

"నీ ఇష్టం. నేను మాత్రం వినను."

"వినకండి. శుక్రవారం మధ్యాహ్నం కాస్త హాల్లో కూర్చోండి చాలు. చప్పుడు కాకుండా."

మామగారికి ఆ ఇంట్లో ఎవరూ అంత నెమ్మదిగా ఎదురు చెప్పలేదు. గట్టిగా చెప్తే ఆయన ఇంకా గట్టిగా చెప్పేవారు. నెమ్మదిగా చెప్పేసరికి కళ్ళజోడు తుడుచుకున్నారు.

శుక్రవారం అత్తగారు కాలింగ్ బెల్ తీగ పీకేసి, కుక్కర్‌కు సెలవిచ్చి, పాలవాడికి వేలు పెదాల మీద పెట్టి చూపించారు. కోడలు అరటిపండు తిని, పడగ్గది తలుపు దగ్గరికి వేసి, బొంతల కిందికి దూరింది. చెమట ధారలు కట్టింది. పొరుగింటివాళ్ళు గోడకు మేకు కొట్టినంతసేపూ ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ముసలాయనకు దగ్గు లేదు. పిల్లాడికి ముద్దుమాటలు లేవు. కథలో ఎవరికేం కావాలో అదొక్కటీ మనసులో పెట్టుకుని చదువుకుంటూ పోయింది. గుమ్మం దగ్గరికొచ్చింది.

"వెళ్ళండి. తలుపుకి గొళ్ళెం పెట్టను."

ఊపిరి తీసుకుంది. నవ్వబోయి మానుకున్న మనిషిలా మిగతాది పలికింది. "దొంగలొచ్చినా ఎత్తుకుపోవడానికి మీరేం మిగిల్చారు గనక."

ఆ తర్వాత గడియారాలాయన సంచి భుజాన వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఊరుకుంది. అప్పుడు ముందుకెళ్ళింది.

అయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. సరిగ్గా ఆ మౌనంలో, ఎక్కడో కాస్త దూరంగా, ఎవరో ముక్కు ఎగబీల్చారు. కోడలు వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. సందేహం లేదు. ఆ ముక్కు ఎవరిదో ఆవిడకు తెలుసు. తలుపు తీసి చూస్తే హాల్లో ఉండాల్సిన కుర్చీ పడగ్గది తలుపుకు ఆనుకుని ఉంది. మనిషి లేడు. బాత్రూంలో కుళాయి నీళ్ళు అవసరానికి మించి పారుతున్నాయి.

మళ్ళీ చదవడానికి టైముంది. కానీ ఆవిడ చదవలేదు. ఇంతకంటే బాగా వస్తుందన్న నమ్మకం లేదు, అదొకటి. ఇంత గట్టి సాక్ష్యాన్ని చెరిపేయడం ధర్మం కాదు, అది రెండోది. రెండోదే అసలు కారణమని ఆవిడ ఒప్పుకోదు. ముక్కుతో సహా పంపేసింది.

సాయంత్రం అందరూ హాల్లో ఉండగా ఫోన్ మోగింది. స్టూడియో నంబరు చూసి కోడలు లేచి నిలబడింది. స్పీకర్ నొక్కింది.

"విన్నానండీ," అంది స్టూడియో ఆవిడ. "పుస్తకం మీరే చదువుతున్నారు. సోమవారం నుంచి మొదలుపెట్టండి."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. మొగుడు, "మొత్తం నువ్వేనా? రెట్టింపు వేగంలో వింటే పాపం కదూ?" అన్నాడు.

"ఒక్క మాట," అంది స్టూడియో ఆవిడ. "గొళ్ళెం మాట తర్వాత ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడుంది. ఆ ముక్క మళ్ళీ చదివి పంపాలి. నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాననుకోండి. ఇంతకీ ఎవరండీ అది?"

"మా ఇంట్లో శ్రోత ఒకాయన ఉన్నారండీ. ఎవర్నీ ఓ పట్టాన మెచ్చుకోరు," అంది కోడలు.

ఫోన్ పెట్టేశాక హాలంతా మామగారి వంకే చూసింది.

"జలుబు," అన్నారాయన.

"పొద్దున లేదే," అన్నారు అత్తగారు.

"ఇప్పుడొచ్చింది."

"తలుపవతల కూర్చుంటే వచ్చుంటుంది. చల్లగాలి తగులుతుంది అక్కడ," అన్నాడు కొడుకు.

మామగారు వాడి వంక గుర్రుగా చూశారు. తర్వాత కోడలి వైపు తిరిగి, "పెట్టమ్మాయ్. తలుపు అడ్డం లేకుండా ఓసారి వింటాను," అన్నారు.

కోడలు పెట్టింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు, ముందుకు వంగి కూర్చున్నారు. అధ్యాయం సాగింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, కంఠతా వచ్చిన మాటలు గనక. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కదలడం మానేశాయి. గొళ్ళెం మాట వినిపించింది. ఊపిరి వినిపించింది. దొంగల మాట వినిపించింది. ఆ తర్వాతి మౌనంలో ఆయన ముక్కు ఆయనకే వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

అధ్యాయం అయిపోయింది. మామగారు వేలమందికి వినిపించేలా మాట్లాడిన ఆ గొంతుతో, పక్కన కూర్చున్న అత్తగారికి మాత్రమే వినిపించేలా ఏదో అన్నారు.

"ఏమన్నారూ?" అన్నారు అత్తగారు. వినబడక కాదు.

మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఆవిడ గయ్యాళి కాదంటున్నాను. ఆ సన్నగొంతు పుస్తకంలో లేదు, నేనే పెట్టాను. ఎవరు చదివినా ఒకేలా ఉండాలన్నానే, అదీ తప్పే. ఇన్నేళ్ళూ తప్పు చదివాను."