థర్లోల ముందు బల్ల

పిల్లల్లేని మేనమామ రూఫస్ థర్లో, తన ఇంటిపేరు పెట్టుకున్న మేనల్లుడికే బంగళా, భూములూ రాసిస్తానన్నాడు.

"నాన్న పేరు అమ్ముకునే రకాన్ని కాను" అని పెద్దవాడు ఎవరార్డ్ కస్సుమన్నాడు. తమ్ముడు ఆంబ్రోజ్ మారుమాట లేకుండా థర్లో అయిపోయాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చిలో థర్లో కుటుంబానికే కేటాయించిన ముందు బల్లమీద తమ్ముణ్ణి చూసి ఎవరార్డ్ కడుపు మండిపోయేది.

"బంగళా కోసం కన్నతండ్రినే వదిలేశాడు, సిగ్గులేని వెధవ!"

"మామయ్య ముందు అడిగింది మిమ్మల్నేగా, ఇంకెందుకా ఏడుపు?" అనేది భార్య ఎడిత్.

ఆంబ్రోజ్‌కు పిల్లలు కలగలేదు. ఎవరార్డ్‌కు కొడుకు పుట్టాడు. ఎవరార్డ్ నాన్న పేరు హంఫ్రీ పెడదామని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు.

బాప్తిస్మంనాడు పాదిరి బిడ్డ పేరడిగాడు. పేరు చెప్పాల్సిన జ్ఞానతండ్రి నోరు విప్పేలోపే, ముందు బల్లకేసి చూస్తూ ఎవరార్డ్ గట్టిగా అన్నాడు:

"థర్లో!"